బియ్యం డ్రమ్ములో బయాప్సీ రిపోర్టు

ప్రశ్న: అక్కా, మాది రామంతాపూర్. మా ఆయనకి 44 ఏళ్లు, చిన్న కిరాణా షాపు నడుపుతాడు. నాలుగేళ్లుగా దగ్గు, ఆయాసం, పిల్లికూతలు. ఆస్తమా అన్నారు, ఇన్‌హేలర్ వాడాడు, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప మందు కూడా మూడేళ్లు వరసగా వేయించాం. మొన్న దసరా ముందు దగ్గులో రక్తం పడింది. స్కాన్, గొట్టం వేసి చూడటం అన్నీ అయ్యాక కుడి ఊపిరితిత్తి కింది భాగం తీసేశారు. ఏడు వారాలైంది. బయాప్సీలో అటిపికల్ కార్సినాయిడ్ అని వచ్చింది, చాలా అరుదైన రకం అట. సైజు 3.2 సెంటీమీటర్లు, మైటోసిస్ 4, కొంచెం నెక్రోసిస్, మార్జిన్ ఫ్రీ, 11 లింఫ్ నోడ్స్‌లో 1 హైలార్ నోడ్ పాజిటివ్. డాక్టర్ గారు మొత్తం తీసేశాం, ఫాలోఅప్‌కి వస్తుండండి అన్నారు అంతే. మా మరిది ఫోన్‌లో చూసి ఇది ఐదేళ్లే వదినా అన్నాడు. మా అన్నయ్యేమో కీమో ఎందుకు పెట్టట్లేదు, హాస్పిటల్ మారుద్దాం అంటున్నాడు. అసలు సంగతి, ఆయనకి కేన్సర్ అని మేమెవరం చెప్పలేదు. నిమ్ము గడ్డ కట్టింది, తీసేశారు అని చెప్పాం. రిపోర్టు బియ్యం డ్రమ్ములో దాచాను. ఆయన ఎన్నేళ్లు ఉంటాడక్కా? పిల్లలకి కూడా వస్తుందా? చెప్పాలా వద్దా? పేరు వేయొద్దు.

జవాబు:

చెల్లీ, నీ మెసేజ్ రెండుసార్లు చదివాను, రెండోసారి చదివేటప్పుడు బియ్యం డ్రమ్ము దగ్గర ఆగిపోయాను. దాని గురించి చివర్లో చెప్తా. ముందు ఒక మాట, నేను డాక్టర్ని కాదు, ఈ ఊళ్లోనే 26 ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసి రిటైర్ అయినదాన్ని, అందులో సగం పైగా ఛాతీ ఆపరేషన్ల వార్డులోనూ కేన్సర్ వార్డులోనూ గడిచింది. కాబట్టి నేను చెప్పేది మీ డాక్టర్ మాట కింద కొట్టేయడానికి కాదు, ఆయన్ని ఏం అడగాలో తెలియడానికి.

మీ మరిది చెప్పిన ఐదేళ్లు. ఇది ముందు తేల్చేస్తా, ఎందుకంటే ఆ మాట విన్నప్పటినుంచి నీకు నిద్ర ఉండి ఉండదు. పుస్తకాల్లో, నెట్‌లో రాసేది ఐదేళ్ల సర్వైవల్ అని. దాని అర్థం ఐదేళ్లే బతుకుతారని కాదు తల్లీ. ఆపరేషన్ అయిన వందమందిని తీసుకుని ఐదేళ్ల తర్వాత లెక్కపెడితే ఎంతమంది బతికి ఉన్నారు అని. మీ షాపులో మార్చి 31న స్టాక్ లెక్క రాస్తారు కదా, ఆ రోజు లెక్క రాశామని ఆ రోజుతో సరుకు అయిపోయినట్టా? ఏదో ఒక తేదీ పెట్టుకోవాలి కాబట్టి పెట్టుకున్నారు. ఆ లెక్కలో బతికి ఉన్నవాళ్లలో ఆరో ఏడు, పదో ఏడు, ఇరవయ్యో ఏడు చూసినవాళ్లూ ఉంటారు. ఈ ఒక్క మాట అపార్థం చేసుకుని ఎంతమంది ఇళ్లల్లో పెళ్లిళ్లు ముందుకు జరిపేసి, పొలాలు అమ్మేసి, ఏడ్చి ఏడ్చి ఉన్నారో నేను చూశాను. పేషెంటేమో తర్వాత చాలా ఏళ్లు చక్కగా తిరిగాడు.

ఇక అసలు అంకెలు. కార్సినాయిడ్ అనేది ఊపిరితిత్తుల కేన్సర్లన్నిట్లో 100కి 1 లేదా 2 మాత్రమే ఉంటుంది. మళ్లీ అందులో రెండు రకాలు, టిపికల్, అటిపికల్. టిపికల్ రకం ఆపరేషన్‌తో పూర్తిగా తీసేస్తే ఐదేళ్ల లెక్క 90 శాతం చుట్టుపక్కల ఉంటుంది. మీ ఆయనది అటిపికల్, దీనికి ఐదేళ్ల లెక్క ఒక్కోచోట ఒక్కోలా కనిపిస్తుంది, మామూలుగా 60, 70 శాతం మధ్య చెప్తారు. పదేళ్ల దగ్గరికి వెళ్తే సగానికి అటూ ఇటూ పడుతుంది, కొన్ని చోట్ల సగం కంటే తక్కువే రాస్తారు. నోడ్‌లోకి, అంటే పక్కనుండే లింఫ్ గ్రంథిలోకి, వెళ్లినవాళ్లకి వెళ్లనివాళ్ల కంటే తక్కువ. ఇది దాచి నీకు తీపి మాటలు చెప్పను. కానీ ఈ అంకెలు ఎక్కడినుంచి వచ్చాయో కూడా తెలుసుకో. అరుదైన జబ్బు కాబట్టి ఒక్కో హాస్పిటల్‌లో ఇరవై ముప్ఫై ఏళ్లు కూడబెట్టినా పేషెంట్లు కొద్దిమందే వస్తారు, అందుకే అంకెలు ఒకదానికొకటి పొసగవు. అందులో డెబ్బై ఏళ్లవాళ్లు ఉంటారు, గుండెజబ్బుతో పోయినవాళ్లని కూడా చాలాసార్లు అదే లెక్కలో కలిపేస్తారు, ఛాతీ మధ్యలోని నోడ్స్ దాకా పాకినవాళ్లు ఉంటారు, పూర్తిగా తీయలేకపోయినవాళ్లూ ఉంటారు. మీ ఆయన 44 ఏళ్ల మనిషి, మొత్తం తీశారు. కాబట్టి ఆ సగటు ఆయన నెత్తిన రాసిన రాత ఏం కాదు, అలాగని ఏమీ లేదనుకుని వదిలేసేదీ కాదు.

నువ్వు రిపోర్టులో లైన్లు టైప్ చేసి పంపడం చాలా మంచి పని చేశావ్. చాలామంది స్టేజ్ ఎంతక్కా అని ఒక్క ముక్క అడిగి ఊరుకుంటారు. ఈ జబ్బులో చూడాల్సింది ఆ లైన్లే. మైటోసిస్ అంటే రెండుగా చీలుతున్న కణాలు, మైక్రోస్కోప్ కింద 2 చదరపు మిల్లీమీటర్ల జాగాలో ఎన్ని కనిపించాయో లెక్కపెడతారు. రెండు కంటే తక్కువ ఉండి చచ్చిన కణాల మచ్చ, అంటే నెక్రోసిస్, లేకపోతే టిపికల్. 2 నుంచి 10 మధ్య ఉంటే, లేదా నెక్రోసిస్ ఉంటే అటిపికల్. పది దాటితే అది వేరే జబ్బు, చాలా స్పీడుగా పోయేది, దాని పేరు కార్సినాయిడ్ కాదు. మీ ఆయనది 4. అంటే అటిపికల్‌లో పై చివర కాదు, కింది వైపే ఉంది. మార్జిన్ ఫ్రీ అంటే కోసిన అంచులో గడ్డ తాలూకు కణాలు లేవని. సర్జన్ చేతిలో ఉన్నది అదే, అది ఆయన చేసేశాడు. నోడ్ హైలార్ అని ఉంది చూడు, అంటే ఊపిరితిత్తి వేరు దగ్గరున్నది, ఇంకా ఛాతీ మధ్యలోకి రాలేదు, దాన్ని ఎన్1 అంటారు. ఆ మధ్యలో ఉండేవాటిలోకి వస్తే ఎన్2, అది ఇంకో మెట్టు. 11 నోడ్స్ తీసి చూడటం కూడా మంచి విషయమే. తక్కువ తీసి ఏమీ లేదు అనడం కంటే ఎక్కువ తీసి ఒకటి ఉంది అని తెలియడం నయం. సైజు, నోడ్ కలిపితే స్టేజ్ 2బి అని రాసి ఉంటారు, చూసుకో.

చేప మందు గురించి నువ్వు సిగ్గుపడుతూ రాసినట్టు అనిపించింది. అక్కర్లేదమ్మా. ఈ గడ్డ గాలి గొట్టం లోపల పెరుగుతుంది చాలామందిలో, పైపులో శనగ గింజ ఇరుక్కున్నట్టు, గాలి దాని పక్కనుంచి పోతూ పిల్లికూత పెడుతుంది. మిరపకాయల బస్తాల మధ్య కూర్చునే మనిషికి పిల్లికూత వస్తే ఎవరైనా ఆస్తమా అనే అంటారు. కొందరికి టీబీ అనుకుని ఆరు నెలలు మందులు మింగిస్తారు, కొందరికి ప్రతి చలికాలం అదే చోట నిమ్ము వస్తూ ఉంటుంది, ఏళ్లు గడిచిపోతాయి. మా వార్డులో ఒకాయన పదకొండేళ్లు ఇన్‌హేలర్ వాడి వచ్చాడు. రక్తం పడటం కూడా అందుకే, ఈ గడ్డకి రక్తనాళాలు చాలా ఎక్కువ, గొట్టం వేసి చూస్తే ఎర్రగా రేగిపండులా కనపడుతుందని చెప్పేవారు మా సార్లు. చేప మందు వల్ల ఈ గడ్డ పెరగలేదు, తగ్గలేదు. అయితే నాలుగేళ్లలో ఎవరో ఒకరు ఒక్కసారి సీటీ తీయించి ఉంటే బాగుండేది, అది మాత్రం నిజం. పిల్లికూత ఒక్క వైపే వినపడితే, ఇన్‌హేలర్‌కి లొంగకపోతే అక్కడ ఆగి ఆలోచించాలి. ఇది చదివే మిగతావాళ్లయినా గుర్తుపెట్టుకోండి.

సిగరెట్ తాగేవాడేమో చాటుగా అని మీ అత్తవారి వైపు ఎవరో అన్నారని చివర్లో రాశావు, పైన వేయలేదు నేను. ఈ కార్సినాయిడ్‌కీ సిగరెట్టుకీ మిగతా ఊపిరితిత్తుల కేన్సర్లలో ఉన్నంత సంబంధం లేదు. జీవితంలో బీడీ ముట్టనివాళ్లకి, ఆడవాళ్లకి, ముప్ఫై నలభై ఏళ్లవాళ్లకి కూడా వస్తుంది. అన్నవాళ్లకి ఇదే చూపించు.

పిల్లలకి వస్తుందా అంటే, మామూలుగా రాదు. చాలా తక్కువమందిలో మాత్రం ఇది మెన్1 అనే వంశపారంపర్య జబ్బులో భాగంగా వస్తుంది, వందలో ఐదుగురు కూడా ఉండరేమో. అందులో కాల్షియం పెరగడం, మాటిమాటికీ కిడ్నీలో రాళ్లు, మెడలో పారాథైరాయిడ్ గ్రంథుల గొడవ, పిట్యుటరీలో గడ్డ ఇలాంటివి ఆయనకో, ఆయన అమ్మానాన్నలకో, అన్నదమ్ములకో ఉంటాయి. మీ ఇంట్లో అలాంటివి ఉంటే డాక్టర్‌కి చెప్పు, లేకపోతే రక్తంలో కాల్షియం ఒకసారి చూడమని అడుగు, అంతకుమించి పిల్లల వంక చూసి బెంగపడకు.

ఇప్పుడు మీ అన్నయ్య. ఆయన ప్రేమతోనే అంటున్నాడు, మన ఇళ్లల్లో కేన్సర్ అంటే కీమో, కీమో లేదంటే డాక్టర్ చేతులెత్తేశాడు అని ఒక లెక్క. కీమో మందు పనిచేసేది గబగబా చీలే కణాల మీద. మీ ఆయన రిపోర్టులో చీలుతున్నవి నాలుగు. నిదానంగా పెరిగే గడ్డ మీద ఆ మందు పెద్దగా పనిచేయదు, జుట్టు ఊడటం, వాంతులు, రక్తకణాలు పడిపోవడం మాత్రం పూర్తిగా ఉంటాయి. కార్సినాయిడ్ మొత్తం తీసేశాక కీమో ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని గట్టిగా రుజువు చేసిన పరీక్ష ఏదీ లేదు. అటిపికల్ రకం ఎన్2 దాకా వెళ్లినవాళ్లకి కొందరు డాక్టర్లు సిస్‌ప్లాటిన్, ఎటోపోసైడ్ లాంటివి ఆలోచిస్తారు, కొన్నిసార్లు రేడియేషన్ కూడా. స్టేజ్ 2లో మొత్తం తీసేసినప్పుడు మామూలుగా చేసేది కనిపెట్టుకుని చూస్తూ ఉండటమే. కాబట్టి మీ డాక్టర్ గారు చెప్పింది నిర్లక్ష్యం కాదు. ఆయన ఇంకో నాలుగు మాటలు చెప్పి ఉంటే మీకు ఈ తిరకాసు ఉండేది కాదు, ఓపీలో వందమంది బయట నిలబడితే ఆయనా ఏం చేస్తాడులే, కానీ నాకు మాత్రం ఆ విషయంలో డాక్టర్ల మీద ఎప్పుడూ కోపమే.

హాస్పిటల్ మార్చడం కాదు, రెండో అభిప్రాయం తీసుకోండి, దానికి నేను నూటికి నూరు ఒప్పుకుంటా. అందులోనూ గడ్డ గురించి కంటే ముందు స్లైడ్ల గురించి తీసుకోండి. టిపికలా అటిపికలా అని చెప్పేది మైక్రోస్కోప్‌లో లెక్కపెట్టే మనిషి, 1కీ 2కీ మధ్య పేరే మారిపోతుంది, ఇలాంటివి రోజూ చూసే పాథాలజిస్ట్ ఇంకోసారి చూడటం మంచిది. ఆపరేషన్ చేసిన హాస్పిటల్ ల్యాబ్‌లో అడిగితే స్లైడ్లు, మైనం బ్లాకులు ఇస్తారు, ఇవ్వాలి కూడా, సంతకం పెట్టించుకుని ఇస్తారు. అవి పట్టుకుని ఇక్కడే నిమ్స్‌కో, రెడ్ హిల్స్‌లో ఎంఎన్‌జే కేన్సర్ హాస్పిటల్‌కో, బంజారాహిల్స్ బసవతారకంకో వెళ్లొచ్చు, ఓపిక ఉంటే ముంబై టాటా మెమోరియల్‌కి పంపొచ్చు. ఎక్కడికి వెళ్లినా ట్యూమర్ బోర్డులో పెట్టారా సార్ అని అడుగు. సర్జన్, కీమో డాక్టర్, రేడియేషన్ డాక్టర్, స్కాన్ చూసేవాళ్లు, పాథాలజిస్ట్ అందరూ ఒక బల్ల దగ్గర కూర్చుని ఒక్కో కేసు మాట్లాడుకునే దాన్ని అలా అంటారు. ఆ పేరు నువ్వు పలికితే చాలు, నీతో మాట్లాడే తీరు మారిపోతుంది, చూడు కావాలంటే.

ఇంకోటి, డోటాటేట్ పెట్ స్కాన్ తీశారా అని అడుగు. మామూలు పెట్ స్కాన్‌లో చక్కెర లాంటి మందు ఎక్కిస్తారు, స్పీడుగా పెరిగే కేన్సర్ చక్కెర ఎక్కువ లాక్కుంటుంది కాబట్టి మెరుస్తుంది. నిదానంగా పెరిగే కార్సినాయిడ్ అందులో కొన్నిసార్లు మసగ్గా కనపడుతుంది. దీని కణాల మీద సొమాటోస్టాటిన్ రిసెప్టర్లు ఉంటాయి, వాటికి అతుక్కునే గాలియం-68 మందుతో తీసేదే ఈ రెండో రకం. ఆ గాలియం 68 నిమిషాల్లో సగానికి తగ్గిపోతుంది కాబట్టి టైమ్ ఇచ్చారంటే ఆ టైమ్‌కి వెళ్లాలి, ట్రాఫిక్ అంటే కుదరదు. రామంతాపూర్ నుంచి అయితే గంట ముందే బయల్దేరండి. మీ ఆయనకి ఇప్పుడు అది అవసరమా కాదా అన్నది డాక్టర్ చెప్తాడు, అడగడం నీ పని.

ఇక అసలు విషయానికి వస్తా. చెప్పాలా వద్దా.

చూడు, ఇది నిదానమైన జబ్బు అన్నాను కదా. దానిలో మంచీ చెడూ రెండూ ఉన్నాయి. నిదానంగా పెరుగుతుంది కాబట్టి టైమ్ ఇస్తుంది, అదే నిదానం వల్ల తిరిగి వస్తే ఆలస్యంగా కూడా వస్తుంది, ఐదేళ్లు ఏమీ లేకుండా ఉండి ఏడో ఏడు లివర్‌లోనో ఎముకలోనో కనపడ్డవాళ్లు ఉన్నారు. అందుకే మామూలు కేన్సర్లలో ఐదేళ్లు దాటితే గండం గడిచింది అంటారు, ఇందులో అలా అనరు. మొదట్లో ఆరు నెలలకోసారి, తర్వాత ఏడాదికోసారి ఛాతీకీ పొట్టకీ సీటీ తీస్తూ కనీసం పదేళ్లు చూస్తారు, చాలామంది డాక్టర్లు జీవితాంతం రమ్మంటారు. ఇప్పుడు నువ్వే లెక్కవెయ్యి. పదేళ్లు, పదిహేను స్కాన్లు దాకా. ఒక్కోసారి సూది, ఒక్కోసారి కాంట్రాస్ట్, ఒక్కోసారి రిపోర్టు కోసం రెండు రోజులు. ఇన్నిసార్లు నిమ్ము గడ్డ అని చెప్పి తీసుకెళ్తావా ఆయన్ని? ఒకటో సారికి నమ్ముతాడు. రెండోసారికి గడ్డ పోయింది కదా మళ్లీ ఎందుకు డబ్బులు దండగ అంటాడు, ఇప్పటికే అంటున్నాడని నువ్వే రాశావు, అదీ పైన వేయలేదు నేను. మూడోసారి షాపు మూయడం కుదరదు నువ్వు వెళ్లి రిపోర్టు చూపించు అంటాడు, అక్కడే తెగిపోతుంది ఫాలోఅప్. నెలల జబ్బు అయితే దాచడం తప్పయినా కుదురుతుంది, ఏళ్ల జబ్బుని దాచలేం.

అదీకాక మొదట కనిపెట్టాల్సింది ఆయనే. రేపు మళ్లీ పిల్లికూత వచ్చిందనుకో, ఆయనకి తెలిసింది ఒక్కటే, నాకు ఆస్తమా. ఇన్‌హేలర్ కొట్టుకుంటూ కూర్చుంటాడు, వచ్చే మృగశిర కార్తెకి చేప కోసం లైన్లో నిలబడతాడు. ఊరికే మొహం ఎర్రబడి సెగలు రావడం, కారణం లేకుండా నీళ్ల విరేచనాలు, మొహం గుండ్రంగా ఉబ్బి బీపీ షుగర్ ఒక్కసారిగా పెరగడం, ఇవి ఈ గడ్డ వదిలే హార్మోన్ల వల్ల అరుదుగా వస్తాయి, మళ్లీ దగ్గులో రక్తం, తగ్గకుండా నడుం నొప్పి, ఇవన్నీ వస్తే ఆ రోజే చెప్పాలి అని ఆయనకి తెలియాలి. తెలియకపోతే నడుం నొప్పికి జండూబామ్, విరేచనాలకి మజ్జిగ, అంతే కదా మన మగవాళ్ల వైద్యం.

నేను ఈ మాట ఊరికే అనట్లేదు. మా నాన్నకి కడుపులో కేన్సర్ వచ్చినప్పుడు నేను నర్సుని అయ్యుండి కూడా అన్నయ్యలు అన్నారని దాచాను, అల్సర్ అని చెప్పాం. రెడ్ హిల్స్ వెళ్లాలి బాబూ అని ఆటో ఎక్కితే డ్రైవరే కేన్సర్ దవాఖానకా అమ్మా అన్నాడు, నేను కాదు పక్క సందులోకి అన్నాను, నాన్న కిటికీ లేని ఆటోలో బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆయన ఒక్క ప్రశ్న వేయలేదు, చివరిదాకా వేయలేదు. పోయాక బీరువాలో ఎల్‌ఐసీ కాగితాలు చూస్తే నామినీ మార్పించి ఉంది, అమ్మ పేరు మీదకి, సంతకం కింద తేదీ చూస్తే మేము దాచడం మొదలుపెట్టిన మూడో వారం. అంటే మేము ఆయన దగ్గర నటిస్తుంటే ఆయన మా దగ్గర నటించాడు, ఐదు నెలలు. మనసు విప్పి ఒక్క రాత్రి మాట్లాడుకోలేదు. మీ ఆయనకి ఏమీ తెలియదని నువ్వు అనుకుంటున్నావు, నాకు నమ్మకం లేదు. ఊపిరితిత్తిలో ముక్క తీసేసిన మనిషి, మంచం మీద పడుకుని సీలింగ్ చూస్తూ ఏమీ అనుకోకుండా ఉంటాడా?

ఎలా చెప్పాలి అంటావు. ముందు మరిదికీ అన్నయ్యకీ చెప్పు, నేను చెప్పబోతున్నాను అని, అడగకు, చెప్పు. తర్వాత డాక్టర్‌కి ముందే ఫోన్ చేసో, ఓపీలో సిస్టర్‌తో చెప్పించో, ఈసారి ఆయన ఎదురుగానే మాట్లాడండి సార్, మమ్మల్ని కారిడార్‌లోకి పిలవకండి అని చెప్పు. కానీ మొదటి మాట మాత్రం ఇంట్లో నీ నోటినుంచే రానీ, అక్కడ తెల్లకోటు మనిషి దగ్గర మొదటిసారి వింటే నువ్వు దాచావన్న బాధే పెద్దదవుతుంది. పిల్లలు పడుకున్నాక, టీవీ ఆపేసి కూర్చుని అడుగు, ఆపరేషన్ గురించి నీకు ఏమనిపిస్తోంది అని. ఆయనే మొదలుపెడతాడు చూడు. కొందరు మొత్తం చెప్పు అంటారు, కొందరు నాకు వద్దు నువ్వు చూసుకో అంటారు, రెండూ సరే. అంకెలు చెప్పకు, ఆయన అడిగితే తప్ప. చెప్పాల్సింది ఇంతే: తీసింది ఒక రకం కేన్సర్ గడ్డ, అరుదైనది, నిదానంగా పెరిగేది, మొత్తం తీసేశారు, పక్కనున్న ఒక గ్రంథిలోకి వెళ్లింది దాన్నీ తీసేశారు, మళ్లీ వస్తుందేమోనని చాలా ఏళ్లు చూస్తూ ఉంటారు, నేను భయపడి దాచాను. ఆ చివరి మాట మర్చిపోకు. కోప్పడతాడు, రెండు రోజులు మాట్లాడడు, కానివ్వు.

తిరిగి వస్తే ఏంటి అని ఆయన అడగొచ్చు. ఇదివరకటి కంటే ఇప్పుడు చేతిలో చాలా ఉన్నాయి. నెలకోసారి వేసే ఆక్ట్రియోటైడ్, లాన్రియోటైడ్ ఇంజెక్షన్లు, ఎవరోలిమస్ మాత్రలు, దీన్ని ఊపిరితిత్తుల కార్సినాయిడ్‌కి అమెరికాలో 2016లో ఒప్పుకున్నారు, 2025లో కాబోజాంటినిబ్ అనే ఇంకో మాత్ర, ఇవికాక ఆ గాలియం స్కాన్‌లో మెరిసే కణాలనే వెతికి పట్టుకుని లోపలినుంచి కాల్చే లుటీషియం చికిత్స. ఒకటి రెండు చోట్లే వస్తే మళ్లీ ఆపరేషన్ చేసినవాళ్లూ ఉన్నారు. ఇవి పూర్తిగా మాయం చేస్తాయని కాదు, ఏళ్లు లాక్కొస్తాయి. కానీ ఇవన్నీ ఇప్పుడు చదివి బుర్ర పాడుచేసుకోవద్దు. యూట్యూబ్‌లో లక్ష్మణఫలం కషాయం వీడియోలు అసలే వద్దు.

ఇప్పటి సంగతులు గబగబా చెప్పేస్తా. కోత చుట్టూ, రొమ్ము కింద తిమ్మిరి, మంట, చీమలు పాకినట్టు ఉండటం పక్కటెముకల మధ్య నరం వల్ల, నెలలు పడుతుంది, దానికి విడిగా మాత్రలుంటాయి, ఓర్చుకుని కూర్చోనక్కర్లేదు. పొడి దగ్గు కొన్ని వారాలు ఉంటుంది. మూడు బాల్స్ బొమ్మ ఇచ్చారు కదా ఊపిరి పీల్చడానికి, అది షోకేసులో పెట్టకుండా రోజూ చేయించు. ఊపిరితిత్తులు రెండిట్లో కలిపి ఐదు భాగాలు, పోయింది ఒకటి, మిగతావి సాగి ఆ పని చాలావరకు అందుకుంటాయి, మూడు నుంచి ఆరు నెలల్లో తేడా ఆయనకే తెలుస్తుంది. పొద్దున్నే నడక పెంచండి. బియ్యం బస్తాలు మాత్రం సర్జన్ సరే అనేదాకా ముట్టుకోకూడదు, షాపులో కుర్రాడిని పెట్టుకోండి, కారం పొడి తూకం వేసేటప్పుడు మాస్క్. ఫ్లూ, న్యుమోనియా టీకాలు అడగండి. జ్వరం వచ్చినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఒక కాలు వాచినా, పడుకుంటే నోటినిండా తుప్పు రంగు నీళ్లు దగ్గులో వచ్చినా ఫోన్ చేసి అడగడం కాదు, నేరుగా ఎమర్జెన్సీకి.

డబ్బు గురించి నువ్వు రాయలేదు కానీ నాకు తెలుసు. ఆరోగ్యశ్రీ పరిమితి మన దగ్గర 2023 డిసెంబర్‌లో 5 లక్షల నుంచి 10 లక్షలకి పెంచారు. కార్డు ఉంటే హాస్పిటల్‌లో ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గరికి వెళ్లి, ఫాలోఅప్ స్కాన్లలో ఏది అందులోకి వస్తుంది ఏది రాదు అని ముందే అడిగి రాసుకో. ఆయన పేరు మీద ఏదైనా పాలసీ ఉంటే అందులో తీవ్రవ్యాధుల రైడర్, అంటే పెద్ద జబ్బులకి విడిగా డబ్బిచ్చే అదనపు కవర్, ఉందేమో చూడండి. ఆ క్లెయిమ్ ఫారం మీద ఆయన సంతకం కావాలి, జబ్బు పేరు అందులో పెద్ద అక్షరాలతో ఉంటుంది, ఇంక నువ్వేం దాస్తావు.

ఈ రాత్రికి ఒక పని చెయ్యి. బియ్యం డ్రమ్ములోంచి ఆ రిపోర్టు తీసి, దులిపి, మూడు జిరాక్స్‌లు తీయించు. డ్రమ్ములో పురుగు పట్టకుండా వేసే మాత్రల దగ్గర కాగితం పసుపెక్కి ఇంకు చెరిగిపోతుంది, నేను చూశాను. స్లైడ్ నంబరు ఆ రిపోర్టు మీదే ఉంటుంది, అది చెరిగితే రేపు బ్లాకులు అడగడానికి ల్యాబ్ చుట్టూ తిరగాల్సొస్తుంది. ఒరిజినల్ ఫైల్లో పెట్టి బీరువాలో ఆయన షాపు కాగితాలుండే అరలోనే పెట్టు. వచ్చే అపాయింట్‌మెంట్‌కి ఆ ఫైల్ ఆయన చేతికే ఇచ్చి తీసుకెళ్లు.